ఎర్మిందా ఎర్ర గడప తొక్కిన శనివారం

టీకాకి పేరు రాయించుకున్న నలభై రోజులకి ఎర్మిందా ఫోనుకి కబురొచ్చింది. వచ్చే శనివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి, ఎస్తసియోన్ క్లబ్బు హాల్లో. ఆ కబురు రెండుసార్లు చదివి, ఫోను బల్లమీద బోర్లా పెట్టి, చొక్కాలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.

రైలు పట్టాలకి ఇవతల పిండిమర ఉన్న వైపంతా మొలీనో క్లబ్బు మనుషులు, పచ్చరంగు. అవతల స్టేషనున్న వైపు ఎస్తసియోన్, ఎరుపు. మధ్యలో పుట్టినవాళ్లు ఎవరూ లేరు. ఎర్మిందా ముప్పై ఒక్క ఏళ్లుగా మొలీనో ఫుట్‌బాల్ ఆటగాళ్ల చొక్కాలు ఉతుకుతోంది. ఆదివారం ఆట చూడకపోయినా సోమవారం మరకలు చూసి ఎవడు ఎక్కడ పడ్డాడో, ఎవడు అసలు పడకుండా నిలబడి కాలక్షేపం చేశాడో చెప్పగలదు. ఒకసారి కోచ్ ఆమె మాట విని ఒక కుర్రాణ్ణి బెంచీమీద కూర్చోబెట్టాడు కూడా.

ఎస్తసియోన్ గడప ఆమె జీవితంలో ఒక్కసారే తొక్కింది. పంతొమ్మిదేళ్ల వయసులో, అక్కడ డాన్సులున్నాయంటే స్నేహితురాళ్లతో వెళ్లింది. ఆ మరుసటి ఆదివారం ఫైనల్లో మొలీనో డిఫెండరు తన గోల్లోనే బంతి కొట్టుకున్నాడు. అది నీవల్లేనని ఆమెతో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. అప్పట్నుంచి మందుల షాపుకి వెళ్లాలన్నా రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్తుంది గానీ ఆ హాలు ముందునుంచి నడవదు. ఇందులో వింతేమీ లేదు. రొట్టెల కొట్టు ఒస్వాల్దో లీగు మొదలైతే గడ్డం గీసుకోడు. స్కూలు హెడ్మాస్టరమ్మ ఆట ఉన్న రోజు టీలాంటి ఆకుకషాయం మాతే మొదటి గుక్క నిలబడే తాగుతుంది. ఎవరి నేమం వాళ్లది.

సాయంత్రం కూతురు యానినా వచ్చింది, పాపని గుడ్డలో గుండెకి కట్టుకుని. ఎప్పటిలాగే గేటు అవతలే ఆగింది. యానినా హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్తుంది. పాప ఆయ్లెన్‌కి ఐదు నెలలు. మహమ్మారి మధ్యలో పుట్టిన పిల్ల. పుట్టినప్పట్నుంచి అమ్మమ్మ ఆ పాపని రెండు మీటర్ల దూరం నుంచి, మాస్కు మీదుగా చూడ్డమే తప్ప ఒక్కసారి ఎత్తుకోలేదు. యానినా టీచరు కాబట్టి టీకా ముందే పడింది. అయినా సంచులు కడుగుతుంది, చలిగాలి వేస్తున్నా కిటికీలు తెరుస్తుంది, రాత్రుళ్లు లేచి పాప ఊపిరి వింటుంది. వీటిలో సగం అనవసరమని చదువుకున్న మనిషిగా ఆమెకి తెలుసు. తల్లిగా మానలేకపోతోంది. అమ్మకి టీకా పడి మూడు వారాలు గడిస్తే పాపని చేతికిస్తానని మాటిచ్చింది.

"కబురొచ్చిందటగా! రొట్టెలకి వెళ్లినప్పుడు అన్నావని ఒస్వాల్దో చెప్పాడు. నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"చెప్పడానికేముంది. ఎర్రోళ్ల హాల్లో వేస్తారట. వాళ్లనే వేయించుకోమను."

యానినా గేటు మీదికి వంగింది. "జోకా?"

"నా మొహంలో జోకు కనిపిస్తోందా?"

"మాస్కులో ఏం కనిపిస్తుంది!"

ఎర్మిందా బక్కెటు కింద పెట్టింది. "సరే, హాలు సంగతి పక్కనపెట్టు. నువ్వు సైన్సు మేడమ్‌వి కదా, చెప్పు. పెద్ద టీకాలకి పదేళ్లు పడుతుందని నువ్వే అనేదానివి. ఇది ఒక్క ఏడాదిలో ఎలా పుట్టుకొచ్చింది?"

"పదేళ్లలో ఎక్కువ భాగం డబ్బుకోసం ఎదురుచూడ్డమేనే అమ్మా. ఒక పరీక్ష అయ్యాక ఇంకో పరీక్షకి. ఈసారి డబ్బు ముందే వచ్చింది. పైగా ఇలాంటి క్రిమి మీద అంతకుముందే ఏళ్లతరబడి పనిచేసి ఉన్నారు. పరీక్షలు మాత్రం వేలమంది మీద చేశారు, వదిలెయ్యలేదు."

"మరి ఒంట్లోకి ఆ జబ్బే ఎక్కిస్తారటగా?"

యానినా చుట్టూ చూసింది. తాడుమీద పదహారు పచ్చచొక్కాలు చేతులు వేలాడేసుకుని ఊగుతున్నాయి. "ఇదిగో, ఇలాంటిది. ఆటగాడు లేడు, ఉత్త చొక్కా. నీ ఒంట్లో డిఫెండర్లు ఉంటారు కదా, వాళ్లకి ఆ రంగు చూపిస్తారు. రేపు అసలోడు దిగితే దూరం నుంచే గుర్తుపట్టి మీద పడతారు."

ఎర్మిందా చొక్కాల వంక చూసింది. ఈ మాట ఆమెకి నచ్చింది. నచ్చినట్టు కనబడ్డం ఇష్టంలేక ఒక క్లిప్పు తీసి మళ్లీ పెట్టింది.

"రెండో డోసు వస్తుందో రాదో అంటున్నారు. సగం ఆట ఆడి ఇంటికి పోవడమా?"

"ఆలస్యమవుతోంది, నిజమే. మొదటి సగంలో నాలుగు గోల్సు ఆపితే తక్కువా? నేను చోటు మార్చమని అడుగుతాలే. కానీ దొరక్కపోతే?"

అడిగింది. చోటు మారిస్తే మళ్లీ వరసలో చివరికి వెళ్లాలని, ఎప్పుడొస్తుందో చెప్పలేమని అన్నారు. ఆ వారమే వీధి చివర ఇద్దరిని ఆస్పత్రికి తీసుకెళ్లారు. యానినా గేటు దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పింది గానీ బతిమాలలేదు. పాప నిద్రలో గుప్పిట తెరిచి మూసింది.

గురువారం ఎస్తసియోన్ చొక్కాలు ఉతికే రుఫీనో సైకిలుమీద ఆమె ఇంటిముందు ఆగాడు. డెబ్బై మూడేళ్లవాడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఎదురుపడితే తలతిప్పుకోవడమే అలవాటు.

"ఏం రుఫీనో, దారి తప్పావా?"

"ఊరంతా నవ్వుతోంది ఎర్మిందా. మా హాలంటే భయపడ్డావటగా."

"భయమా! అసహ్యం."

"నాకు మార్చిలో ఎక్కడ వేశారో తెలుసా? మీ హాల్లో." అతను గొంతు తగ్గించాడు. "మీ బొమ్మలేవీ చూడకూడదని కళ్లు మూసుకుని వెళ్లా. గుమ్మం తగిలి మోకాలు చెక్కుకుపోయింది. ముందు దానికి కట్టు కట్టి తర్వాత సూది వేశారు."

ఎర్మిందా నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి ఆ ఆదివారం మీ ఆట?"

"గెలిచాం. రెండు-సున్నా."

"చూశావా, నీకేం! మా నేల అలాంటిది, ఎవరు తొక్కినా కలిసొస్తుంది. మీది తొక్కితే మా వాళ్లు మునుగుతారు."

"అయితే తొక్కకు," అన్నాడు రుఫీనో పెడలు మీద కాలు వేస్తూ. "ఎగురుతూ రా."

ఆ మాట ఆమె బుర్రలో తిరిగింది. శుక్రవారం కత్తెర పట్టుకుని మొలీనో మైదానానికి వెళ్లింది. గడ్డి చూసుకునే బెనీతెస్, "ఏంటక్కా?" అన్నాడు.

"బూట్లలో వేసుకోడానికి గుప్పెడు గడ్డి, కాస్త మట్టి కావాలి. రేపు నా కాలు మన నేలమీదే ఉండాలి, ఏ హాల్లో ఉన్నా."

బెనీతెస్ ఎందుకని అడగలేదు. "గోలు ముందరిది కోయకు, అక్కడ ఇప్పటికే బోడి," అని మాత్రం అన్నాడు. "మూలనుంచి కొయ్యి."

శనివారం ఆమె బూట్ల నిండా గడ్డి కూరుకుని, స్వెట్టరు కింద నాలుగో నంబరు పచ్చచొక్కా తొడుక్కుని బయల్దేరింది. స్వెట్టరు మెడదాకా ఉంది, ఎవరికీ కనబడదు. హాల్లోకి బాతులా అడుగులేస్తూ వెళ్లి, పేరు చెప్పి, కుర్చీలో కూర్చుంది. గోడలనిండా ఎర్రజెండాలు. ఆమె కళ్లు నేలకి దించింది.

నర్సు పాతికేళ్ల పిల్ల. "స్వెట్టరు తియ్యండమ్మా."

ఎర్మిందా అన్నీ ఆలోచించింది గానీ సూది చేతికి వేస్తారన్న సంగతి ఆలోచించలేదు. స్వెట్టరు చేతులు బిగుతు, పైకి మడవడం కుదరదు.

"తియ్యకుండా కుదరదా?"

"కుదరదు."

తీసింది. పచ్చచొక్కా బయటపడింది. వరసలు చూసే ఎర్రచొక్కాల కుర్రాళ్లలో ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు బల్లమీద దరువు మొదలుపెట్టాడు. "పచ్చోళ్లకి రెండు సూదులు! పచ్చోళ్లకి రెండు సూదులు!" వరసలో ఉన్న ముసలివాళ్లంతా చప్పట్లతో అందుకున్నారు. తలుపు దగ్గర రుఫీనో పొట్ట పట్టుకుని మాస్కు వెనక నవ్వుతున్నాడు.

"పాడండ్రా పాడండి!" అంది ఎర్మిందా చెయ్యి చాస్తూ. "మీ గెలుపు కప్పుల బీరువాలో సాలెపురుగులున్నాయి, వాటికీ వేయించండి!"

హాలు ఘొల్లుమంది. ఆ గోలలో ఆమె నర్సు వైపు వంగి, ఇన్ని రోజులూ ఎవరితోనూ అనని మాట అంది. "పిల్లా, నాకు భయంగా ఉంది. క్లబ్బు సంగతి కాదు. ఇది నాకు పడకపోతే? పనిచేయకపోతే?"

నర్సు చెయ్యి ఆపింది. "ఈ రాత్రి జ్వరం రావచ్చు, చెయ్యి నొప్పెట్టచ్చు. ఎప్పుడో ఒకరికి వెంటనే పడకపోవడం ఉంటుంది, అందుకే పదిహేను నిమిషాలు ఇక్కడే కూర్చోబెడతాం. చాలామందిని ప్రాణం మీదకి రాకుండా కాపాడుతుంది. నూటికి నూరు అని ఎవరైనా అంటే నమ్మకండి."

నూటికి నూరు కాదన్నందుకే ఎర్మిందాకి నమ్మకం కుదిరింది. "కానియ్యి," అంది.

పదిహేను నిమిషాలు రుఫీనో పక్కన రెండు కుర్చీల దూరంలో కూర్చుంది. కిటికీలోంచి వాళ్ల తాడుమీద ఎర్రచొక్కాలు కనిపించాయి. తెల్లనంబర్లన్నీ గులాబీరంగుకి తిరిగాయి.

"వేడినీళ్లలో నానబెడుతున్నావు కదూ?"

"నీకెలా తెలుసు?"

"గుడ్డివాడికైనా తెలుస్తుంది. చన్నీళ్లు. గుప్పెడు ఉప్పు, కాస్త వెనిగరు. తిరగేసి ఆరెయ్యి."

రుఫీనో జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. "ఇది మా వాళ్లకి చెప్పకు," అన్నాడు.

"నేను మాత్రం మా వాళ్లకి చెప్పుకోగలనా!"

ఆ రాత్రి జ్వరం వచ్చి తెల్లారేసరికి పోయింది. ఆదివారం మొలీనో ఓడిపోయింది, అదీ పట్టికలో అడుగున ఉన్న జట్టు చేతిలో. వీధి మొత్తం ఆమె గేటు ముందునుంచి నడిచి వెళ్లింది. "గడ్డి తక్కువ కోశావే!" అన్నాడు ఒస్వాల్దో, గడ్డం గోక్కుంటూ.

"ఓడితే మళ్లీ వారం ఆడతారు," అంది ఎర్మిందా. తన నోట ఆ మాట వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం యానినా గేటు దాటి లోపలికి వచ్చింది. కిటికీలు తెరిచింది, చేతులు కడుక్కుంది, అమ్మ చేతులు కడిగించింది, మళ్లీ కడిగించింది. తర్వాత పాపని ఇచ్చింది. ఇచ్చి, రెండు చేతులూ అలాగే పాప కింద పెట్టి ఉంచింది, జారితే పట్టుకుందామని.

"నిన్ను పెంచింది నేనే," అంది ఎర్మిందా. "చేతులు తియ్యి."

యానినా తీసింది. కుర్చీలో కూలబడి, పాప పుట్టాక మొదటిసారి వేడివేడిగా ఉన్న మాతే తాగింది. ఆయ్లెన్ కొంచెంసేపు అమ్మమ్మ జుట్టు పీకి, భుజంమీద బుగ్గ ఆనించి నిద్రపోయింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది, తడిసిన చొక్కాల మూటలా వెచ్చగా ఉంది. రేడియోలో ఆట సన్నగా వినిపిస్తోంది. ఎనభై ఎనిమిదో నిమిషంలో మొలీనో గోల్ కొట్టింది. వ్యాఖ్యాత గుక్క తిప్పుకోకుండా 'గోల్' అన్న ఆ ఒక్క మాటనే సాగదీస్తూ పోతున్నాడు. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి, ఒస్వాల్దో మూకుడు మోగిస్తున్నాడు. ఎర్మిందా నోరు బార్లా తెరిచింది. గొంతులోంచి చిన్న చప్పుడు కూడా రానివ్వకుండా, నోరు తెరుచుకునే, పాప వీపుమీద మెల్లగా తడుతూ గదంతా తిరిగింది.