రెండో పెళ్ళికి పేరు మార్చిన రోజు

చిత్తూరులో మా బావకు పెళ్ళిళ్ళ వీడియోలు తీసే స్టూడియో ఉంది. తిరుపతిలో దానికి ఒక బ్రాంచి. రెండు చోట్లా లినక్స్ కంప్యూటర్లు పెట్టి, వాటి బాగోగులు నేనే చూసేవాణ్ణి. లినక్సులో రెండు మూడు డిస్కులను ఒక కట్టగా కలిపి, ఆ కట్టకు పేరు పెట్టుకోవచ్చు. ఏం పేరు పెట్టమంటావని అడిగితే బావ ఆలోచించకుండా ‘పెళ్ళి’ అన్నాడు. తిరుపతిలో అడిగినా అదే మాట. వేరే పేరు పెడితే కలిసిరాదని ఆయన నమ్మకం. చెరో ఊళ్ళో ఉన్నంతకాలం ఆ పేర్లతో ఏ గొడవా రాలేదు.

ఒక వానాకాలం తిరుపతి బ్రాంచి పైకప్పు కారి కంప్యూటరు పాడైపోయింది. డిస్కులు మాత్రం బతికాయి. బావ వాటిని తువ్వాల్లో చుట్టి బస్సులో చిత్తూరు తెచ్చాడు. ఇక్కడి కంప్యూటరుకు తగిలించాను. ఒకే పేరుతో రెండు కట్టలు కనబడేసరికి, అది కొత్తదాన్ని తెరవనని మొండికేసింది.

అప్పటికే ఐరాల నుంచి ఒక పెద్దాయన వచ్చి బయటి గదిలో కూర్చుని ఉన్నాడు. ఆయన కూతురి పెళ్ళి వీడియో ఆ తెచ్చిన డిస్కుల్లోనే ఉంది. మీ అల్లుడి పెళ్ళి సంగతే చూస్తున్నామని ఆయనకు చెప్పి బావ లోపలికొచ్చాడు. ఆయనకూ మాకూ మధ్య ఒక కర్టెను. ఏమైందని బావ అడిగాడు.

“రెండో పెళ్ళి బయటపడింది బావా. దానికీ మొదటిదాని పేరే ఉండాది. పేరు మారిస్తేగానీ కుదరదు.”

“మొదటిదానికి ఏం గాదు గదా?”

“దానికి తెలీకుండానే మార్చేస్తా.”

బయట కుర్చీ కిర్రుమంది. పెద్దాయన కూతురికి ఫోన్ చేసి, మీ ఆయన యాడుండాడమ్మా అని అడగడం వినిపించింది. దోసెలు తింటున్నాడని ఆమె చెప్పినట్టుంది.

“ఇంకో దోసె ఎయ్యొద్దు. నేనొస్తా ఉండా,” అన్నాడాయన.

తర్వాత కర్టెను పక్కకు లాగి, ఆ రెండో ఆమెది ఏ ఊరని నన్ను అడిగాడు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆయన్ని కంప్యూటరు తెర ముందు కూర్చోబెట్టి రెండు కట్టలనూ చూపించాను. పేరు ఒకటే అయినా ఒక్కోదానికీ వేరే పొడవాటి నంబరు ఉంటుందని, దాన్నిబట్టి ఏది ఏదో పట్టుకోవచ్చని చెప్పాను.

“నంబరు గూడా ఉండాదా? అయితే ఫోన్ కొట్టప్పా, నేనే మాట్లాడతా.”

బావ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. అవి డిస్కుల పేర్లేనని మళ్ళీ మొదట్నుంచీ చెప్పాక ఆయన ముఖం కాస్త తేటపడింది. కొత్త పేరు మా ఊరిది పెట్టు, పెళ్ళని మాత్రం పెట్టొద్దు అన్నాడు. కంప్యూటరుకు ఆ నంబరు ఇచ్చి, తిరుపతి కట్ట పేరు ‘ఐరాల’ అని మార్చాను. వెంటనే తెరుచుకుంది.

ఈలోగా కూతురే ఫోన్ చేసింది. పొయ్యి ఆర్పేసిందట, ఏం తప్పు చేశానని మొగుడు అడుగుతున్నాడట. అల్లుడు బంగారమని ఈయన గొంతు తగ్గించి చెప్పి, ఫోన్ పెట్టేశాడు.

అక్కడితో లేచి వెళ్తాడనుకున్నాం. తాళి కట్టే ఘట్టం ఒక్కటి చూపించమన్నాడు. చూస్తే అందులో ఆయన కనబడలేదు; ఆయనకు అడ్డంగా ఎవరిదో పెద్ద తల.

“నేను యాడ?”

బావ వీడియోను మళ్ళీ మొదటికి తిప్పాడు. మధ్యాహ్నం దాకా ముగ్గురం వీడియో అంతా వెతికాం. చివరికి భోజనాల దగ్గర, సాంబారు పల్చగా ఉందని వంటాయనతో పోట్లాడుతూ కనిపించాడు. పెళ్ళి వీడియో తర్వాత చూసుకుంటాను, ముందు ఆ ముక్క ఫోన్లో పెట్టమన్నాడు.