చంద్రలోకంలో వన్స్‌మోర్

పండుగ కాని రోజు పక్కింటి నుంచి బొబ్బట్లు వచ్చాయంటే వెనక ఏదో ఉన్నట్టే. ఈ జ్ఞానం నాకు మా ఆవిడ పుష్పమ్మ వల్ల అబ్బింది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె నేర్పినవాటిలో వంట ఒక్కటే నాకు పట్టుబడలేదు. తక్కినవన్నీ బాగానే పనికొస్తున్నాయి.

పుష్పమ్మది కర్దనూర్. నేను పటాన్‌చెరు దారిలోని ఒక సర్కారు కర్మాగారంలో స్టోరు గుమాస్తాని. కాలనీ క్వార్టరుకు కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఆమె గొంతు మా వరుస మొత్తానికీ తెలిసిపోయింది. వంకాయల బేరమైనా సరే, చివర కాస్త రాగం తీయందే ముగించేది కాదు. కూరగాయల బండి నాగయ్య, "అమ్మా, ఆ చివరిది తియ్యకు, నాకు తెల్వకుండనే ధర తగ్గిస్తున్న" అని మొత్తుకునేవాడు.

ఆ గొంతు వాళ్ళ నాన్న అంజయ్యది. ఆయన చుట్టుపక్కల ఊళ్ళలో భాగవతాలాడేవారు. మీసం తీసి చీర కట్టారంటే ఆయన ముందు నిజం ఆడవాళ్ళు తేలిపోయేవారట. అలాంటి మనిషి కూతుర్ని మాత్రం తెర దగ్గరికి రానివ్వలేదు. "ఆడేషం కట్టెటందుకు నేనున్న గద, నువ్వెందుకు?" అనేవారు. పుష్పమ్మ గడ్డివాము వెనక కూర్చుని ఆయన పద్యాలన్నీ నేర్చుకుంది. ఆయనకది తెలుసు. తెలియనట్టు నటించారు. నటులు కదా.

ఎనభై ఆరులో మా కాలనీ మహిళామండలి దసరా నాటకాల పోటీకి నన్నొక నాటకం రాసిమ్మంది. ఏం రాయాలా అని వాకిట్లో కూర్చున్నాను. ఆ సాయంత్రం గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి మా మీదికి మళ్ళింది. కుళ్ళిన కోడిగుడ్డూ కాలిన రబ్బరూ కలిసిన వాసన. పుష్పమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంది.

"చంద్రుని మీద గాలే ఉండదంటరు గద. పరేషానే లేదు వాళ్ళకు" అంది.

"గాలి లేకపోతే ఎట్లా బతుకుతారే?"

"పీపాలల్ల నింపుకొని పోతరు. ఆ పీపా ఎవ్వని తాన ఉంటె వాడే రాజు."

అంతే. నాటకం నేను రాశానని అందరూ అంటారు. నేను గణాలు సరిచూసుకున్నానంతే.

కథ ఇది. రాబోయే శతాబ్దాల్లో చంద్రలోకాన్ని ఒక మహారాణి ఏలుతూ ఉంటుంది. గాలి పీపా ఆమె అధీనంలో ఉంటుంది. సేనాపతీ మంత్రీ కుట్ర పన్ని రాణికి నిద్రమందు పోస్తారు. సింహాసనం మీదే ఆమె తల వాలుస్తుంది. ఇక గెలిచేశామని ఇద్దరూ ఆమె చుట్టూ తిరుగుతూ షర్బత్ తాగి, పద్యం పాడి, సంబరం చేసుకుంటారు. అప్పుడు రాణి కళ్ళు తెరుస్తుంది. మందు తాగనేలేదు, పీపాలో గాలీ లేదు. అసలు గాలిని ఎప్పుడో దాచేసింది. చివరి పద్యం ఆమెది. తెర.

సింహాసనం సెలూన్ యాదగిరి ఇచ్చాడు. చుట్టూ తిరిగే క్షవరం కుర్చీ. కాలితో మీట నొక్కితే పైకి లేస్తుంది కూడా. దానికి స్టోరులో పారేసిన వెండి కాగితం చుట్టాం. సైకిలు పుల్లలకు టేబుల్ టెన్నిస్ బంతులు గుచ్చితే చంద్రలోకవాసుల కొమ్ములయ్యాయి. గాలి పీపా మా ఇంటి నీళ్ళ డ్రమ్మే. రిహార్సళ్ళు జరిగినన్నాళ్ళూ మేం బిందెలతో గడుపుకున్నాం.

మహారాణి వేషం పుష్పమ్మకు వచ్చింది. తగువు అక్కడ మొదలైంది.

మా పక్క క్వార్టరు నాగరత్నం గారిది తెనాలి వైపు. భర్త ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సంగీతం నేర్చుకున్న మనిషి. మండలి వేసిన ప్రతి నాటకంలోనూ అప్పటిదాకా కిరీటం ఆవిడదే. ఈసారి సేనాపతి వేషమిచ్చేసరికి, "రాసినాయన పెళ్ళాం కదమ్మా, రాణి కాక ఏమవుతుంది" అని చిరునవ్వుతోనే అంది. ఆవిడ నీడ వీరలక్ష్మి మంత్రి. భటుల్లో ఒకరు ఇందిరమ్మ. నిండు గ్యాసు బండను ఒంటిచేత్తో మోసే మనిషి.

పోటీకి ముందు రోజు మధ్యాహ్నం నాగరత్నం గారింటి నుంచి బొబ్బట్ల పళ్ళెం వచ్చింది. మేం వాటిని పోలెలంటాం. పేరేదైనా నెయ్యి మాత్రం కారుతోంది.

"ఇయ్యాళ ఏం పండుగ?" అంది పుష్పమ్మ.

"ఊరికే చేసుంటారులే."

"పూర్ణం రుబ్బి, ఒక్కొక్కటి వత్తి, కాల్చి, నెయ్యేసి... ఊరికే ఎవ్వలు చేస్తరయ్యా?"

మా వరుసలో ఒక కట్టడి ఉంది. ఏ ఇంట్లో తీపి వండినా పక్కింటికి పళ్ళెం పోవాలి. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి పోకూడదు. ఆ మొదటి నియమమే నాగరత్నం గారి కొంప ముంచింది. కుట్ర చేసుకున్నావిడ నోరు మూసుకుని బొబ్బట్లు తిని ఊరుకుంటే ఏ గొడవా ఉండకపోను. పక్కింటికి పంపకుండా తినడం ఆవిడకు చేతకాలేదు.

పుష్పమ్మ మక్కజొన్న గారెలు చేసి, పళ్ళెంలో పెట్టుకుని తిరిగివ్వడానికి వెళ్ళింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల పాటా నవ్వులూ. ఆమె తలుపు తట్టలేదు.

"చూడు ఇందిరా," నాగరత్నం గారి గొంతు, "నా పద్యం అయిపోగానే నువ్వూ రెండో భటుడూ వచ్చి రాణిని అమాంతం ఎత్తుకుని లోపలికి పట్టుకుపోండి. నేను వెళ్ళి సింహాసనం మీద కూర్చుని మంగళం పాడేస్తాను. తెర దించేస్తారు."

"పుష్ప లొల్లి జేస్తె?"

"ఎలా చేస్తుందే? నిద్రలో ఉండాలిగా పాపం."

దానికి వీరలక్ష్మి నవ్విన నవ్వు బజారుకు వినపడిందట. "వదినా, ఇంకో బొబ్బట్టు వెయ్యి. మహారాణీ అనమంటావా ఇప్పట్నించే?"

"అను, అను. అలవాటవ్వాలిగా."

పుష్పమ్మ అప్పుడు తలుపు తట్టి, పళ్ళెం ఇచ్చి, "పోలెలు మస్తుగున్నయక్కా" అని చెప్పి వచ్చింది. ఇంటికొచ్చి నాకు జరిగింది చెప్పింది.

నేను మండలి అధ్యక్షురాలి దగ్గరికి బయల్దేరాను. పుష్పమ్మ చొక్కా పట్టి ఆపింది.

"జెర ఆగు. చెప్తె నాటకమే బంద్ పెడ్తరు. రేపు నాయినొస్తుండు."

అసలు సంగతి అదే. అంజయ్య మామ కంట్లో పొర కమ్ముతోంది. చూపు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఆమె వెళ్ళి బతిమాలితే ఒక్కసారి చూడటానికి ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ ఒక మాటన్నారు: "నడుమ ఎన్ని పద్యాలు పాడినా ఏం లేదు బిడ్డా. తెర పడేటప్పుడు గద్దె మీద ఎవ్వరుంటె వాళ్ళే రాజు."

"ఆయన సూస్తుండంగ నన్ను గోనెసంచి లెక్క మోసుకపోతరా?" అంది పుష్పమ్మ. మిగిలిన బొబ్బట్టు మాత్రం పూర్తిగా తిన్నది.

మర్నాడు పొద్దు వాలుతుండగా కర్దనూర్ నుంచి ట్రాక్టరు నిండా జనం దిగారు. మామగారిని ముందు వరసలో గొంగడి పరిచి కూర్చోబెట్టారు. వేషం వేసుకోకముందు పుష్పమ్మ ఆయన పక్కన కూర్చుని చెవిలో ఏదో చెప్పింది. ఆయన బోసినోరు తెరిచి నవ్వడం నాకు కనిపించింది. "పగోనికి పాలు పోస్తనంటవు" అన్నారు. అర్థం కాలేదు. నేను వెళ్ళి వేదిక పక్కన హార్మోనియం ముందు కూర్చున్నాను.

పోటీకి ఒక నియమం ఉంది. ఒక్కో నాటకానికి అరవై నిమిషాలు, ముగిసే ముందు ఒక హెచ్చరిక గంట. పొడుగాటి గంట మోగిందా, రాముడు బాణం సగం లాగి ఉన్నా సరే, తెర పడిపోవాల్సిందే.

నాటకం బాగానే సాగింది. కొమ్ములు ఊగుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. రాణి నిద్రమందు తాగినట్టు నటించి, జనం వైపు వీపు పెట్టి, కుర్చీలో తల వాల్చింది. సేనాపతీ మంత్రీ షర్బత్ గ్లాసులెత్తారు. నాగరత్నం గారు పీపా మీద కాలు పెట్టి ఎత్తుకున్నారు:

గాలి పీప మనదె గద్దెయు మనదేను
నిదురపోయె రాణి నేటితోడ
చుక్కలన్ని మనకు జోహారులర్పించు
చంద్రలోకమంత సంబరాలె

అబద్ధమెందుకు, బ్రహ్మాండంగా పాడింది. చివరి రాగం ఆగగానే భటులిద్దరూ కుర్చీ వైపు నడిచారు. ఇందిరమ్మ చేతులు చాచింది.

అప్పుడు గొంగడి మీద నుంచి వినబడింది. "వన్స్‌మోర్."

వెంటనే కర్దనూర్ ట్రాక్టరంతా అందుకుంది. "వన్స్‌మోర్, వన్స్‌మోర్."

పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే ఆజ్ఞ. యుద్ధం ఆగుతుంది, చచ్చినవాడు లేచి మళ్ళీ పాడి చస్తాడు. నాగరత్నం గారు చేయెత్తి భటుల్ని ఆపారు. నావైపు చూసి శ్రుతి ఇమ్మన్నట్టు తలూపారు. నేను ఇచ్చాను.

రెండోసారి రాగం ఇంకాస్త సాగింది. మళ్ళీ వన్స్‌మోర్. మూడోసారి సాగిన రాగం తెనాలి దాకా వెళ్ళి రైలెక్కి వెనక్కి వచ్చింది. భటులు రెండడుగులు ముందుకు వేయడం, రెండడుగులు వెనక్కి వేయడం. ఇందిరమ్మకు ఒళ్ళు మండుతోంది.

ఈలోగా వీరలక్ష్మికి ఆశ పుట్టింది. మైకు దగ్గరే ఉన్నామన్నది మర్చిపోయింది.

"వదినా, ఈసారి నేనెత్తుకుంటా."

"నువ్వు మంత్రివి. గ్లాసు పట్టుకుని నిలబడు."

"కుట్రలో సగం నాది కాదా ఏంటి?"

జనం పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే హెచ్చరిక గంట మోగింది. నాగరత్నం గారికి అప్పుడు తెలివొచ్చింది. "ఎత్తండి, ఎత్తండి" అంది పళ్ళ బిగువున. భటులు పరిగెత్తారు. ఇందిరమ్మ చేయి రాణి భుజం మీద పడింది.

మామగారు గొంగడి మీద లేచి నిలబడ్డారు. పాతకాలపు భాగవతుల గొంతు, మైకక్కర్లేదు. "అమ్మా సేనాపతీ, నా కండ్లు పోతున్నయి. చెవులకన్న ఇంకొక్కసారి పెట్టు తల్లీ."

అలా అడిగితే ఏ గాయని కాదంటుంది? నాగరత్నం గారి కళ్ళు చెమర్చాయి. ఇందిరమ్మను చేత్తో పక్కకు నెట్టి, కళ్ళు మూసుకుని, "గాలి పీప" అని ఎత్తుకుంది. "సంబరాలె" దగ్గర గొంతు పైకి వెళ్ళి అక్కడే తిరుగుతుండగా పొడుగాటి గంట మోగింది.

తెర కదిలింది. అప్పుడు క్షవరం కుర్చీ కిర్రుమని తిరిగింది. పుష్పమ్మ జనానికి ఎదురైంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. కాలితో మీట నొక్కుతుంటే సింహాసనం అంగుళం అంగుళం పైకి లేస్తోంది. ఆమె పద్యం ఎత్తుకోలేదు. కిరీటం సర్దుకుని తండ్రి వైపు చూసింది. తెర పడింది.

"దిగలే," మామగారు పక్కవాళ్ళతో అంటున్నారు. "సూసిండ్రా, నా బిడ్డ దిగలే."

న్యాయనిర్ణేత నన్ను పిలిచి, కుట్రదారుల సంబరం మీదే తెర దించడం గొప్ప ప్రయోగమని మెచ్చుకున్నాడు. ఉత్తమ నటి కప్పు నాగరత్నం గారికి వచ్చింది. దాంతో ఆవిడ కుట్ర సంగతే మరిచిపోయి మర్నాడు మళ్ళీ బొబ్బట్లు చేసింది. మళ్ళీ పళ్ళెం వచ్చింది. "గీ పోలెలల్ల అనుమానం లేదు, తిను" అంది పుష్పమ్మ.

అయితే ఆమె చివరి పద్యం వేదిక మీద ఎవరూ వినలేదు. గద్దె కోసం దాన్ని వదులుకుంది. ఇంట్లో అడిగితే పాడేది. మళ్ళీ పాడమంటే మాత్రం, "వన్స్‌మోర్‌కు ఆశపడ్డోళ్ళ గతి సూడలేదా" అనేది.

నేను రిటైరయ్యాక రెండు కుటుంబాలమూ కాలనీకి దగ్గర్లోనే ఇళ్ళు కట్టుకున్నాం. పుష్పమ్మ పోయాక ఒక రోజు నాగరత్నం గారు పళ్ళెంలో ఇడ్లీలు పెట్టుకుని వచ్చారు. మోకాళ్ళ నొప్పులు, నెమ్మదిగా కూర్చున్నారు.

"ఆ చివరి పద్యం నేనెప్పుడూ వినలేదండీ. రిహార్సల్లో కూడా చెవులు మూసుకునేదాన్ని. ఒకసారి చెప్పండి."

చెప్పాను.

మేలుకొంటి నేను మీ పాట వినుచునే
ఉత్తపీపఁ జుట్టి యూరకాడి
గెలుపు రాకముందె గీతాలు పాడితే
గాలి యెవ్వరిదిర కడకు చూడ

ఆవిడ చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అయితే ఆ ముసలాయన చేత అరిపించింది..."

"పుష్పమ్మేనండీ. కుట్ర సంగతి మీ బొబ్బట్లే చెప్పేశాయి."

"దొంగముండ" అంది ఆవిడ ఎంతో ప్రేమగా, కళ్ళు తుడుచుకుంటూ.

వెళ్ళేటప్పుడు పళ్ళెం మరిచిపోయింది. ఖాళీ పళ్ళెం తిరిగివ్వకూడదు. నాకు వంట రాదు. పళ్ళెంలో చక్కెర పోసుకుని మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల నాగరత్నం గారు పాడుకుంటున్నారు. తన పద్యం కాదు, పుష్పమ్మది. ఒక్కసారి విన్నదానికే రాగం అంత పొడుగున పెట్టేసింది.

నేను తలుపు తట్టలేదు. "కడకు చూడ" అయ్యేదాకా చక్కెర పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. అయ్యాక, బయట నుంచే, మామగారి గొంతులో అన్నాను.

"వన్స్‌మోర్."