పుట్టకుండా పోయే పిల్ల

భావనపాడులో దేముడమ్మ అనుమానానికి అందని వస్తువంటూ లేదు. గంపలో చేప ఇంకా ఎగిరెగిరి పడుతున్నా సరే, మొప్ప ఎత్తి చూసిగానీ బేరానికి దిగదు. టెక్కలి బస్సెక్కితే కండక్టర్ని అడిగిందే అడిగి, పక్క సీటామెను కూడా ఓ మాట అడుగుతుంది. అనుమానం పెనుభూతమని ఊళ్ళో నవ్వితే, భూతమైనా తోడుంటే మంచిదే కదా అంటుంది. మొగుడు పోయి నలభై ఏళ్ళు ఎండుచేపలమ్మి బతికిన మనిషికి ఆ తోడే మిగిలింది మరి.

మొగుడు పైడిరాజు సముద్రంలో పోయాడు. తెప్ప మీద ఇద్దరు వేటకెళ్ళారు. పెద్ద కెరటానికి కట్లు తెగి తెప్ప విడిపోయింది. ఒడ్డుకు ఒక్కడే వచ్చాడు, ఢిల్లీరావు. అప్పటికతనికి పెళ్ళి కూడా కాలేదు. “బావ టైమైపోనాది సెల్లీ. ఎవులేటి సేసినా ఆగదు” అన్నాడు. ఇప్పటికీ ఎప్పుడడిగినా అదే మాట, ఒక్క అక్షరం అటూ ఇటూ కాదు. నిజం చెప్పేవాడి మాట చెప్పినప్పుడల్లా కాస్త మారుతుంది, అప్పజెప్పేవాడిదే మారదు అని దేముడమ్మ నమ్మకం. పైగా వేట బాగా పడినప్పుడల్లా అతనింటి నుంచి చేపల వాటా వస్తుంది. ఎందుకు పంపుతున్నట్టు? ఆ చేపను ఆమె ఒక్కనాడూ వండుకోలేదు. ఉప్పు రాసి ఎండేసి అమ్మేసేది.

ఆ ఢిల్లీరావు మనవరాలు ప్రవల్లిక టెక్కలిలో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో కథల పోటీ పెట్టారట. ఓ సాయంత్రం చేపలు ఎండేసే చోటికి వచ్చి పక్కన చతికిలబడింది.

“మామ్మా, మీ ఆయన మీద కథ రాసినాను. ఇంటావేటి?”

ఈ పిల్లకి మా ఆయనతో ఏం పని? దేముడమ్మకి చురుక్కుమంది. “సెప్పు” అంది, చేపలు తిరగేస్తూనే.

కథలో ఒకమ్మాయి కాలంలో వెనక్కెళ్ళే మిషనెక్కి ఆనాటి సముద్రంలోకి వెళ్తుంది. మునిగిపోతున్న పైడిరాజును లాగి, విడిపోయిన తెప్ప దుంగ పట్టిస్తుంది. అంతలో తన చెయ్యే పలచబడి అవతలి నీళ్ళు కనిపిస్తాయి. హడలిపోయి ఆయన్ని వదిలేసి వెనక్కి వచ్చేస్తుంది.

“ఒడ్డునే ఆపొచ్చు గదే?”

“మిషను ఎల్లేతలికే ఆలీసమైపోనాది మామ్మా. ఇలాటి కథలు రెండు రకాలు. కొన్నింట్లో జరిగిపోయింది బండరాయి. ఎవులెల్లి తోసినా కదల్దు. కొన్నింట్లో వల లాటిది. ఒక్క ముడి ఇప్పితే మొత్తం ఊడొత్తాది. నాది వల కథ.”

“బండరాయి కథ మీ తాతది” అంది దేముడమ్మ. ఇంకో చేప తిరగేసి, “అయితే మా ఆయన బతికితే ఆ పిల్ల ఎందుకు మాయమైపోవాల?” అనడిగింది.

“ఆ పిల్ల ఇంక పుట్టదు గదా.”

“ఎందుకు పుట్టదు? మా ఆయనకీ దానికీ ఏటి సమ్మందం?”

“దుంగ ఒక్కటే గదా మామ్మా, ఇద్దర్ని మొయ్య...” అని ప్రవల్లిక నాలిక్కరుచుకుంది.

దేముడమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరికీ దుంగ ఒక్కటే మిగిలిందన్న మాట నలభై ఏళ్ళలో ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. మొగుడు బతికితే పుట్టకుండా పోయే పిల్ల ఎవరో ఇక అడగక్కర్లేదు, ఎదురుగానే కూర్చునుంది. కొంగుకి చేతులు తుడుచుకుని తిన్నగా వాళ్ళింటికి నడిచింది. వెనకే ఆ పిల్ల.

ఢిల్లీరావు అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. ఆమె నోరు తెరవకముందే, “బావ టైమైపోనాది...” అని మొదలెట్టాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

“దుంగ ఆడిచ్చినాడా? నువ్వు లాక్కున్నావా?”

ఢిల్లీరావు మనవరాలి వంక చూశాడు. ఆ మాట అతను చెప్పుకుంది ఆ పిల్లకొక్కదానికే. వల జారిపోయింది.

“ఇద్దరం పట్టుకున్నాం సెల్లీ. మునిగిపోతంది. ఆడు సెయ్యి వదిలీసినాడు.” జారిన వల తీసుకోబోయి మానేశాడు. “వదిలీసినాడో, జారిపోనాదో. నా కాలే తగిలిందో. నాకు తెల్దు. నాను మాత్రం గట్టిగా పట్టుకుండిపోనాను.”

మాట మారింది. మొదటిసారి మారింది. దేముడమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళూ కావాలనుకున్న నిజం ఇదేనా? ఇందులోనూ అనుమానం మిగిలే ఉంది. అది తీర్చుకోవడానికి ఆనాటి సముద్రంలోకి వెళ్ళే మిషను ఎవరి దగ్గరా లేదు.

“మామ్మా, కథ సింపీత్తాను” అంది ప్రవల్లిక వెక్కుతూ.

దేముడమ్మ ఆ పిల్ల చెయ్యి అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. వెచ్చగా, గట్టిగా ఉంది. మొగుడి ప్రాణానికి బదులుగా పుట్టిన చెయ్యి. దాన్ని విరిచెయ్యాలనీ అనిపించింది, వదలబుద్ధీ కాలేదు.

“సింపకు. ఆడే వదిలీసినాడని రాయి. కాలు తగిలిందని రాసినావా, బతికున్నన్నాళ్ళూ నీ సెయ్యి పలసగానే ఉంటాది.”

మర్నాడు చేపల వాటా వచ్చింది. దేముడమ్మ మొప్ప ఎత్తి చూసింది. తాజాగానే ఉంది. ఇంకోసారి ఎత్తి చూసి, పొయ్యి వెలిగించింది.