అడగని పేరు

ఆదివారం చర్చిలో ప్రార్థన చీటీల డబ్బా తెరిస్తే, ఓ పిల్ల చీటీలో ‘జ్ఞానం కావాలి’ అని ఉంది. చిన్నప్పుడు నేనూ అదే అడిగాను.

తెలంగాణ బంద్‌ల రోజులవి. హైటెక్ సిటీలో సెక్యూరిటీ గార్డుగా చేసే నాయిన, బోరబండలో మా ఇంట్లో జ్వరంతో మూలుగుతున్నాడు. దవాఖానకు తీసుకుపోదామంటే ఒక్క ఆటో లేదు.

“నాయిన కోసం ప్రార్థన చెయ్యి బిడ్డా,” అంది అమ్మ.

ఒక రాజు జ్ఞానమొక్కటే అడిగితే దేవుడు అడగనివి కూడా ఇచ్చాడని సండే స్కూల్ అక్క ఆ వారమే చెప్పింది. అందుకే తెలివిగా జ్ఞానమే అడిగాను. నాయిన పేరు ఎత్తనేలేదు.

సాయంత్రానికి నాయిన పోయాడు. అమ్మకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు సండే స్కూల్లో ఆ కథ చెప్పేది నేనే. చీటీ రాసిన పిల్లను దగ్గరికి పిలిచాను.

“ఇంట్ల అందరు మంచిగున్నరా బిడ్డా?”