ట్రంపెట్ పలకని రోజు

మాది ఇల్లందు. ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించాను. తరువాత బూర్గంపాడు దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో బ్యాండు నేర్పే మాస్టారుగా కుదిరాను. రెండేళ్ల కిందట ఒక పొద్దున లేచేసరికి నా మూతి ఎడమ పక్కకు వంకరపోయింది. తగ్గడానికి నెలలు పడుతుందని దవాఖానాలో చెప్పారు.

"గిట్ల పోతే పిల్లలు ఏమనుకుంటరు? జర ఇంటికాడనే ఉండుండ్రి" అని నా భార్య బతిమాలింది. పంద్రాగస్టు దగ్గర పడుతోందని మూతికి రుమాలు కట్టుకుని బస్సెక్కాను.

ఆ రోజు కవాతు పాటలో ఒక పైస్వరం పిల్లలకు ఎంతకీ కుదరలేదు.

"ఒక్కసారి మీరు వాయించి చూపియ్యుండ్రి సార్" అంది పదో తరగతి సమ్మక్క.

అలవాటు కొద్దీ రుమాలు తీసి ట్రంపెట్ పెదాలకు ఆనించాను. గాలి పక్కనుంచి తుస్సుమంది. చొంగ చొక్కా మీద కారింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. సమ్మక్క మాత్రం దగ్గరికొచ్చి, "ఏమైంది సార్ మీకు?" అంది. అప్పుడు అందరూ నవ్వు ఆపేశారు.

"నాతోని కాదు బిడ్డా. నేను నోటితో పాడి చెప్త, నువ్వు వాయించు" అన్నాను.

పాట కూడా ముద్దముద్దగానే వచ్చింది. అయినా రెండోసారికే ఆమె ఆ స్వరాన్ని పట్టుకుంది.

ఇప్పుడు మూతి చాలావరకు సరైంది కానీ పెదాలకు ట్రంపెట్ ఊదే బిగువు తిరిగి రాలేదు. పిల్లలు నవ్వినందుకు నాకు బాధ లేదు. ఆ రోజు సమ్మక్క వాయిస్తుంటే గురువుగా నేను సంతోషించాల్సింది. కానీ కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అవి ఆనందబాష్పాలని పిల్లలు అనుకున్నారు. కాదని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.