కూతురి బరువుకు స్ప్రింగులు

మా ఆయన మట్టి రేసుల బైకులకు స్ప్రింగులు మారుస్తారు. "నీ బరువెంత?" అని మాత్రం ఎవరినీ అడగరు. అడిగితే లావుపాటివాడు పది కిలోలు తగ్గించి, బక్కవాడు అయిదు పెంచి చెబుతాడట. అందుకే బూట్లు, హెల్మెట్, జాకెట్ అన్నీ వేయించి కాటా ఎక్కిస్తారు. స్ప్రింగు గట్టిదైతే బండి మనిషిని ఎగరేస్తుంది. మెత్తదైతే గుంటలో కూలబడుతుంది. పాతికేళ్లుగా ఆయన చెయ్యి తప్పలేదు. కూరలో ఉప్పెంత వెయ్యాలో మాత్రం ఈ రోజుకీ తెలియదు, అది వేరే సంగతి.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఆ తల తన్నేది రేసుల్లో బండి నడిపే మా కూతురే. నెల రోజులు జ్వరంతో మంచాన పడి, చిక్కి సగమై లేచింది. "కాటా యాభై చూపించేదాకా బండెక్కడానికి వీల్లేదు" అన్నారాయన. ఆదివారమేమో రేసు. బుధవారం కాటా ఎక్కింది. సరిగ్గా యాభై! ఆయన మురిసిపోయి, ఆ బరువుకు తగ్గ స్ప్రింగులు వేశారు.

మర్నాడు అమ్మాయిని బండి మీద కూర్చోబెట్టి, దాని బరువుకు బండి ఎంత కిందికి దిగిందో టేపు పెట్టి కొలిచారు. బండి దిగాల్సినంత దిగలేదు. మళ్లీ కొలిచారు. టేపు మార్చారు. స్ప్రింగు విప్పి నంబరు చూశారు. చివరికి కాటాను బోర్లించి స్క్రూలు విప్పుతూ కూర్చున్నారు.

"నా చెయ్యి పోయిందే. ఇంకెంతమందికి తప్పు స్ప్రింగులు వేశానో ఏంటో" అన్నారు నాతో. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అమ్మాయి తట్టుకోలేకపోయింది.

"కాటా బాగానే ఉంది నాన్నా. నిన్న జాకెట్ లోపల నీ రెంచీలు పెట్టుకున్నా."

"ఓసి నీ అసాధ్యం కూలా! మెడ విరిగితే ఏమయ్యేదే?" నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన నన్ను ఆపారు.

"తప్పు నాదేనమ్మా. అందరికీ వాళ్ల బరువుకు స్ప్రింగు వేసి, నిన్ను మాత్రం నేను చెప్పిన బరువుకు రమ్మన్నాను. ఇప్పుడున్న బరువుకే వేస్తా. రేసుకు దిగగలవో లేదో నువ్వే చెప్పు."

అది ఆయన భుజం మీద తల ఆనించింది.

"ఈ ఆదివారం వద్దులే నాన్నా. కాళ్లు ఇంకా వణుకుతున్నాయి."

రేసు లేదని తేలిపోయింది. అయినా ఆయన భోజనానికి రాకుండా మెత్తటి స్ప్రింగులు బిగిస్తూనే ఉన్నారు.

"ఇప్పుడెందుకండీ? కాస్త ఒళ్లు చేశాక మళ్లీ మార్చాలి కదా" అన్నాను.

"మారుద్దాం. ఈలోగా దానికి ఒక్కసారి ఎక్కాలనిపిస్తే?" అన్నారు.