‘అండీ’ ఊడిపోతే ఆగిపోవాలి

ఆ ఆదివారం చర్చిలో పాట మధ్యలో నాకు ఊపిరి చాలలేదు. చిన్నప్పటి నుంచీ పాడుతున్న పాటే. పల్లవిలో మూడో వరుస కాస్త పొడుగు. మధ్యలో ఊపిరి తీయకుండా దాన్ని ముగించడం నాకో చిన్న గర్వం. ఆ రోజు సగంలోనే తెగిపోయింది. మిగతా పాటంతా నోరు ఆడిస్తూ నిలబడ్డాను. ఎడమ దవడ కింద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. బయటికొచ్చాక, “అలా ఉన్నారేంటండీ టీచర్ గారూ?” అని ఎవరో అడిగితే, “పర్లేదండీ” అన్నాను.

ఈ కథలో దొంగ ఆ మాటే. అందుకే ముందే పట్టిస్తున్నాను.

మాది మండవల్లి. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా ఆయన కొల్లేటి అంచున చేపల చెరువులు చేస్తారు. మా వైపు మర్యాద పాలు ఎక్కువని మీరు వినే ఉంటారు. కాలు విరిగి మంచం మీదున్నవాణ్ని పలకరించినా “పర్లేదండీ, మీరు కూర్చోండి” అంటాడు. పంక్తిలో ఇంకో గరిటె కూర వేయనా అంటే వద్దనడానికీ అదే మాట, వేయమనడానికీ అదే మాట. నేను అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాను. ఆ మాట నా నోట్లో ఎప్పుడూ తయారుగా ఉండేది.

ఆ వారమంతా స్కూల్లో మేడ మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఆగాల్సి వచ్చేది. ఆగినప్పుడల్లా పిల్లల రికార్డులు సర్దుకుంటున్నట్టు నటించేదాన్ని. గ్యాస్ అనుకుని సోడా తాగాను, జీలకర్ర నీళ్లు తాగాను, స్టాఫ్ రూములో ఎవరి దగ్గరో ఉన్న గ్యాస్ మాత్ర అడిగి వేసుకున్నాను. గుండెపోటంటే మగవాళ్లకే వస్తుందనీ, వచ్చినవాళ్లు ఛాతీ పట్టుకుని పడిపోతారనీ నా అవగాహన. పిల్లలకి పీడనం పాఠం చెప్పేదాన్ని, నా గుండె మీద పీడనం మాత్రం పోల్చుకోలేకపోయాను.

పట్టుకున్నది మా ఆయనే. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేయడం ఆలస్యమైతే చెరువు చెరువే పోతుంది. ఏళ్ల తరబడి ఆ నీళ్ల వైపు చూసిన కళ్లు ఆయనవి. ఓ పొద్దున చెరువుకి బయల్దేరుతూ, గుమ్మంలో కూర్చున్న నన్ను చూసి ఆగిపోయారు.

“ఏంటలా నోరు తెరిచి ఊపిరి తీత్తన్నావ్?”

“పర్లేదండీ. గ్యాస్.”

“గ్యాసూ లేదు, గాడిదగుడ్డూ లేదు. కారెక్కు.”

ఏలూరు చేరేసరికి దవడ నొప్పి భుజంలోకి దిగింది. క్యాజువాల్టీలో ఈసీజీ తీసిన డ్యూటీ డాక్టర్ ఆ కాయితం పట్టుకుని నా వైపు చూడకుండా ఫోన్ దగ్గరికెళ్లాడు. అప్పుడు తెలిసింది, ఇది జీలకర్ర నీళ్లతో పోయేది కాదని. రక్తపరీక్ష చేసి ట్రోపోనిన్ పాజిటివ్ అన్నారు, అంటే గుండె కండరం దెబ్బతిన్నట్టట. ఎకో తీశారు. కాసేపటికి కార్డియాలజిస్టు వచ్చారు. నాకంటే బాగా చిన్నావిడ. నా దగ్గర చదివిన పిల్లల్లో ఒకరేమో అనిపించేలా ఉన్నారు.

“మైల్డ్ ఎటాక్ వచ్చిందమ్మా. యాంజియోగ్రామ్ చేసి, బ్లాక్ ఉంటే స్టెంట్ వేసేస్తాం. నొప్పి ఎప్పటి నుంచి?”

“మొన్న ఆదివారం నుంచండీ.”

“మరి అప్పుడే రాలేదేం?”

“పర్లేదనిపించిందండీ.”

ఆవిడ మా ఆయన వైపు చూశారు. ఆయన గోడ వైపు తిరిగారు.

మణికట్టు దగ్గర మత్తిచ్చి, రక్తనాళంలోంచి వైరు పంపారు. మెలకువగానే ఉన్నాను. తెర మీద నా గుండె కనిపిస్తోంది. అందులో ఓ పెద్ద నాళం ఒక చోట దారంలా సన్నబడింది. “ఎల్ఏడీ” అని దాని పేరు వాళ్లలో వాళ్లు అనుకున్నారు. నేను భయపడ్డాను. చచ్చిపోతానని భయపడ్డాను. దాచుకోవడానికేముంది? స్టెంట్ విచ్చుకున్నాక ఆ దారం మళ్లీ కాలవలా నిండింది. “అయిపోయిందమ్మా, చూడండి, ఎంత బాగా పారుతోందో” అన్నారు డాక్టర్ గారు. కళ్లనీళ్లు వచ్చేశాయి. తుడుచుకుందామంటే ఆ చెయ్యి కదపొద్దన్నారు.

అక్కడితో బుద్ధి వచ్చి ఉండాలి కదా. రాలేదు. ఇంటికొచ్చాక మంచం మీంచి లేచినప్పుడల్లా కళ్లు తిరిగేవి. రివ్యూకి వెళ్తే, “ఎలా ఉందమ్మా?” అని అడిగారు. “పర్లేదండీ” అన్నాను. అంత మంచావిణ్ని ఇబ్బంది పెట్టడమెందుకని! బడికి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలోనే, కింద పడిన చాక్‌పీసు తీసుకుని లేస్తూ బోర్డు పక్కన కుప్పకూలాను. నుదురు చిట్లింది. రక్తం పలచబడే మందులు వాడుతున్నానేమో, ఎంతకీ ఆగదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఏడుస్తుంటే వాళ్లకి కూడా “పర్లేదమ్మా” అని చెప్పానట. అది నాకు గుర్తులేదు, తర్వాత వాళ్లే చెప్పారు.

మళ్లీ ఏలూరు తీసుకెళ్తే డాక్టర్ గారికి కోపం వచ్చింది. “బీపీ మందు మీకు ఎక్కువైందండీ. డోసు తగ్గిస్తే పోయేది. మీరు చెప్తేనే కదా నాకు తెలిసేది? టీచర్ గారూ, లెక్క చేసి యూనిట్ రాయకపోతే మీరు మార్కులేస్తారా?”

“వెయ్యనండీ.”

“మరి నాకు యూనిట్ లేని జవాబు చెప్తారేంటి? ఇక మీదట ఈ గదిలో పర్లేదు అనే మాట నిషేధం. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుంటే. ఈ మూడూ చెప్పండి చాలు.”

కారులో మా ఆయన, కైకలూరు దాటాక, “నీ ఒంటి గురించి నువ్వు చెప్పే మాట ఇంక నేను నమ్మలేను సునీతా” అన్నారు. అరిచి ఉంటే బాగుండేది. ఇంటికెళ్లగానే స్క్రూడ్రైవర్ తెచ్చి బాత్రూం తలుపుకి లోపలి గడియ ఊడదీసేశారు.

ఆ రోజు నుంచి నేను కాపలాలో ఉన్నాను. బడికి దింపడం ఆయనే, తీసుకురావడం ఆయనే. స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడి “ఉన్నావా?” అనేవారు. ఉండక ఎక్కడికి పోతాను! నవ్వులాటగా చెబుతున్నాను గానీ, నలభై ఎనిమిదేళ్ల మనిషికి గడియ లేని తలుపు చాలా బాధ. గుండె బాగుపడుతోంది. నా మాటే బాగుపడలేదు.

డోసు తగ్గాక కళ్లు తిరగడం ఆగింది. నడవమన్నారు. “ఎంత వేగమండీ?” అని అడిగితే, “నడుస్తూ మాట్లాడగలగాలి. పాట పాడగలిగితే మరీ నెమ్మదిగా నడుస్తున్నట్టు. మాట తెగితే ఎక్కువైనట్టు” అన్నారు. చెరువు గట్ల మధ్య మట్టిరోడ్డు మీద మొదలుపెట్టాను. మాట్లాడ్డానికి మనుషుల్ని వెతుక్కోనక్కర్లేదు. అటు వెళ్లే ప్రతి బండీ ఆగేది.

“ఏంటండీ టీచర్ గారూ, నడిచెళ్తన్నారు? ఎక్కండి, దింపేత్తాను.”

“పర్లేదండీ, మీరు వెళ్లండి.”

ఇలా అంటూ అంటూ ఒక సంగతి కనిపెట్టాను. వేగం పెరిగితే ముందు ఊడిపోయేది ‘అండీ’యే. “పర్లేదు” వరకు వస్తుంది, తోక రాదు. ఇంకా పెంచితే “పర్లే” మిగులుతుంది. ఈ పరిశోధన డాక్టర్ గారికి చెబితే పడీ పడీ నవ్వి, “మందులచీటీ మీద రాసేయనా? అండీ ఊడిపోతే ఆగిపోవాలి!” అన్నారు. గదిలో నిషేధమైన మాటకి రోడ్డు మీద అలా అనుమతి దొరికింది.

స్టెంట్ వేసి ఏడాది దాటింది. మా స్కూల్ పీఈటీ మాధవి నన్ను నడకలోంచి పరుగులోకి దించింది. నాలుగు అడుగులు పరుగు, పది అడుగులు నడక. మా ఊళ్లో పెద్ద మనుషులు పరిగెత్తాలంటే కారణం ఉండాలి. బస్సు వెళ్లిపోతుండాలి, లేకపోతే గేదె తరుముతుండాలి. చీర కట్టుకుని బడికెళ్లే టీచరు చుడీదారూ బూట్లూ వేసుకుని పరిగెడుతుంటే జనం హడలిపోయారు. “ఎవరికేమైందండీ?” అని ఒకాయన చేపల వ్యాను ఆపి దిగిపోయాడు. ఊరికే పరిగెడుతున్నానని చెబితే నమ్మక, నా వెనకున్న మా ఆయన్ని ఆపి కనుక్కున్నాడు. ఆయన రోజూ నా వెనకాలే మోటారు సైకిల్ మీద, మేత సంచుల బేరం ఫోన్లో మాట్లాడుకుంటూ, మెల్లగా వచ్చేవారు. అది పరుగు కాదు, ఊరేగింపు.

తాడేపల్లిగూడెంలో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని మాధవి చెప్పింది. మళ్లీ ఎకో, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే టీఎంటీ చేయించుకున్నాను. డాక్టర్ గారు రిపోర్టులు చూసి, “వెళ్లి రండి. పోటీకి మాత్రం కాదు. దవడ గానీ ఛాతీ గానీ పట్టేస్తే అక్కడితో ఆపేసి నేరుగా హాస్పిటల్‌కి. మిగతాదానికి మీ రూల్ మీకుంది” అన్నారు. మా ఆయన ఒక షరతు పెట్టారు. “దారి పొడుగునా నేనుంటాను. నాకు తేడాగా కనపడితే లాగేత్తాను. నీ మాట వినను.”

ముందురోజు గూడెంలో మా ఆడపడుచు ఇంట్లో దిగాం. గుత్తివంకాయ, రొయ్యల ఇగురు, పైన పూతరేకులు. “ఇంకొంచెం వేయనా వదినా?” అంది. “వద్దమ్మా, ఇది చాలు” అన్నాను. మా వైపు ఆడపడుచుకి ఇలా చెప్పడం ఎంత సాహసమో బయటివాళ్లు ఊహించలేరు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. నా కడుపు మాత్రం తేలిగ్గా ఉంది.

పొద్దున్నే మంచులో జనం బిలబిలమంటూ పరుగందుకున్నారు. పిల్లలు, పోలీసు ఉద్యోగానికి తయారయ్యే కుర్రాళ్లు, తెల్లమీసాల తాతగారు ఒకాయన, అందరూ నన్ను దాటిపోయారు. నేను బెదరలేదు. మంచినీళ్లిచ్చే చోటల్లా “థాంక్సండీ” అన్నాను. ‘అండీ’ గట్టిగా ఉంది. మలుపుల దగ్గర మా ఆయన బండి మీద కనిపిస్తున్నారు. సగం దాటింది. కాలవ గట్టు మీద ఎండ పొడ వచ్చింది. నా కాళ్లు నావే అనిపించింది. ఎంత సంతోషమో!

ఆ సంతోషమే కొంప ముంచబోయింది. ఎనిమిదో కిలోమీటరు బోర్డు దగ్గర మా ఆయన మజ్జిగ సీసా పట్టుకుని నిలబడ్డారు. ఆయనకి చూపించాలనిపించింది, చూడండి నేనెంత బాగున్నానో అని. జోరు పెంచాను. తాతగారిని దాటేశాను కూడా.

“ఎలా ఉంది?” అని కేకేశారు.

“పర్లే—”

అంతే వచ్చింది.

నాకు తెలిసింది. ఆయనకీ తెలిసింది. బండి వదిలి నా వైపు రాబోతున్నారు. ఏడాదికి పైగా నేను కష్టపడింది ఈ పరుగు కోసం. చెయ్యి ఊపేసి దాటిపోవచ్చు. ఇంకా రెండే కిలోమీటర్లు. పరుగు ఆపి, నడుస్తూ ఆయన ముందుకెళ్లాను. ఊపిరి కూడదీసుకుని ముక్కలు ముక్కలుగా చెప్పాను.

“పర్లేదు కాదండీ. ఎక్కువ తోసేశాను. ఊపిరి అందట్లేదు. ఇప్పుడే, జోరు పెంచాకే. దవడ నొప్పి లేదు. ఛాతీ బరువు లేదు. కళ్లు తిరగట్లేదు. కాసేపు నడుస్తాను. నెమ్మదించకపోతే ఆపేస్తాను.”

ఆయన నా పక్కనే చెప్పులు టపటపలాడిస్తూ నడిచారు. కాస్త దూరం పోయాక నేనే, ఆ పాటలో మూడో వరుస చిన్నగా అందుకున్నాను. మధ్యలో తెగింది. ఇంకాస్త నడిచి మళ్లీ అందుకున్నాను. చివరిదాకా వచ్చింది.

“ఇప్పుడు?” అన్నారు.

“ఇప్పుడు సర్దుకుందండీ. మెల్లగా పరిగెత్తగలను.”

నా ముఖంలోకి చూశారు. మజ్జిగ సీసా మూత బిగించారు. “సరే అయితే. నేను ఫినిష్ దగ్గరుంటాను” అని వెనక్కి వెళ్లి, బండి తీసుకుని ముందుకెళ్లిపోయారు. మలుపు తిరిగే దాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

కాపలా మొదలయ్యాక ఆయన నా మాట మీద నన్ను ఒంటరిగా వదిలింది అదే మొదటిసారి. రోడ్డు మీద ఏడుస్తూ పరిగెత్తాను. ఏడుస్తూ పరిగెత్తినా ‘అండీ’ ఊడలేదు. “ఏమైందండీ?” అని పక్కనుంచి వెళ్లే ఒకమ్మాయి అడిగితే, “చాలా బాగుందండీ” అని పూర్తిగా చెప్పగలిగాను. తాతగారు నాకంటే చాలా ముందే వచ్చేసి, ఫినిష్ దగ్గర ఇడ్లీ తింటున్నారు.

ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటాను, వారంలో నాలుగు పొద్దులు గట్టు మీద పరిగెడతాను. రివ్యూకి వెళ్తే యూనిట్లతో సహా జవాబు చెబుతాను. ఇది చదివే మీకు, ముఖ్యంగా ఇంట్లో అందరికీ వడ్డించి చివర్న తినే ఆడవాళ్లకి, నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ గానీ ఇంట్లోవాళ్లు గానీ ఎలా ఉందని అడిగితే పర్లేదు అనకండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుంటే. అంత చెబితే చాలు. మర్యాదకి ఏ లోటూ రాదు, చివర్న ‘అండీ’ ఎలాగూ ఉంటుంది.

గూడెం నుంచి వచ్చిన మర్నాడు మా ఆయన చెరువు నుంచి పెందలాడే ఇంటికొచ్చారు. స్క్రూడ్రైవర్ వెతుక్కుని, బాత్రూం తలుపు ముందు గొంతుక్కూర్చుని పాత గడియ మళ్లీ బిగించారు. ఒకటికి రెండుసార్లు వేసి తీసి చూసి, “ఎల్లి స్నానం చేయి” అన్నారు. నేను లోపలికెళ్లి గడియ వేసుకున్నాను.